బీఎస్సీ మ్యాథ్స్‌కు ఫీజు తక్కువే, పోయేది ఏళ్లు

అమ్మా, నువ్వు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. ఇంటర్ ఎంపీసీలో 941 మార్కులు. ఊరు కళ్యాణదుర్గం పక్కన పల్లె. నాన్నకు ఐదెకరాల వేరుశనగ చేను, అమ్మకు కుట్టుమిషను. ఈఏపీసెట్ ర్యాంకుకు ఓ మోస్తరు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వస్తుంది. నీకేమో అనంతపురంలో బీఎస్సీ మ్యాథ్స్ చదవాలని ఉంది. మీ మేనమామ "లెక్కల డిగ్రీ చదివినోళ్లంతా ట్యూషన్లు చెప్పుకుంటా తిరుగుతున్నారు, డబ్బు దండగ" అన్నాడు. ఆ మాటలో ఎంత నిజముందో లెక్క వేసి చెప్పమన్నావు.

నేను గవర్నమెంటు కాలేజీల్లో పాతికేళ్లుగా లెక్కలు చెబుతున్నా. మీ మామ సగం కరెక్టే. ట్యూషన్లు చెప్పుకుంటూ తిరిగినవాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నా. కానీ ఆయన నష్టాన్ని తప్పు పద్దులో రాశాడు. ఈ చదువులో దండగయ్యేది డబ్బు కన్నా కాలం.

ముందు డబ్బే చూద్దాం. ఒక తెల్లకాగితం తీసుకో. నేను వేసేవి నమూనా అంకెలు, నీ ఇంటి అంకెలతో మార్చుకో. గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో ఫీజు మూడేళ్లకు కలిపి 15 వేలు అనుకుందాం. రీయింబర్స్‌మెంటు వస్తే అదీ తగ్గుతుంది. రూము, తిండి నెలకు 4,500. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. 4,500 మొత్తాన్నీ చదువు ఖర్చులో రాసేస్తారు. ఇంట్లో ఉన్నా నువ్వు అన్నం తినేదానివే కదా! ఆ తిండికి 2,000 తీసెయ్. అదనంగా పడేది నెలకు 2,500. ఏడాదికి పది నెలలు, మూడేళ్లు: 75 వేలు. పుస్తకాలు, పరీక్ష ఫీజులు, కళ్యాణదుర్గం బస్సు ఛార్జీలు కలిపి 30 వేలు వెయ్యి. చేతి నుంచి పోయేది మొత్తం లక్షా 20 వేలు.

ఎవరూ రాయని పద్దు ఇంకొకటుంది. నువ్వు కాలేజీకి పోకుండా అనంతపురంలో ఏ బట్టల షోరూములోనో, పెనుకొండ దగ్గర కియా చుట్టూ ఉన్న ఏ కంపెనీలోనో చేరితే నెలకు 12 వేలు వచ్చేవనుకుందాం. మూడేళ్లకు 4 లక్షల 32 వేలు. ఇది ఎవరూ నీ దగ్గర వసూలు చేయరు, రసీదూ ఉండదు. కానీ పోయినట్టే. రెండూ కలిపితే నీ డిగ్రీ ధర 5 లక్షల 52 వేలు. అందులో కాలేజీ తీసుకునేది 15 వేలు. మీ మామ చూస్తున్నది ఆ 15 వేలనో, మహా అయితే లక్షా 20 వేలనో.

అప్పు సంగతి కూడా రాసుకో. మన పక్క నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మామూలుగా వినిపిస్తుంది, కానీ అది ఏడాదికి 24 శాతం. లక్షకు మూడేళ్లలో 72 వేలు వడ్డీ. మూడేళ్లు దాటితే నోటు చెల్లదు కాబట్టి వడ్డీ కలిపి లక్షా 72 వేలకు కొత్త నోటు రాయించుకుంటారు. ఇంకో రెండేళ్లకు దాని మీద 82,560. అంటే ఈ రోజు తెచ్చిన లక్ష, నువ్వు డిగ్రీ తర్వాత రెండేళ్ల బీఈడీ కూడా ముగించే నాటికి 2,54,560 అవుతుంది. కాబట్టి బయట అప్పు చేసి మాత్రం ఈ డిగ్రీ చదవొద్దు. బ్యాంకుల విద్యారుణం 4 లక్షల వరకు పూచీకత్తు లేకుండా ఇవ్వాలని నిబంధన ఉంది, కోర్సు అయ్యాక ఏడాది వరకు కంతులు కట్టక్కర్లేదు. అయినా గవర్నమెంటు కాలేజీలో బీఎస్సీకి అంత అవసరమే రాకూడదు. రెండో ఏడాది నుంచి సాయంత్రం ఆరేడుగురు టెన్త్ పిల్లలకు లెక్కలు చెప్పుకుంటే రూము అద్దె, మెస్ బిల్లు వెళ్లిపోతాయి. నా స్టూడెంట్లలో ఇంటి నుంచి పైసా తెప్పించుకోకుండా చదివినవాళ్లంతా ఇలా చదివినవాళ్లే. మీ మామ ఎగతాళి చేసిన ట్యూషనే నీ ఖర్చు పద్దును సగం చేస్తుంది.

ఇప్పుడు రాబడి. మన జిల్లాలో బీఎస్సీ మ్యాథ్స్ అనగానే అందరి నోటా వచ్చే దారి ఒక్కటే: బీఈడీ, టెట్ అనే అర్హత పరీక్ష, డీఎస్సీ అనే నియామక పరీక్ష, చివరికి స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూలు టీచరు. 2022 వేతన సవరణ (పీఆర్సీ)లో స్కూల్ అసిస్టెంటు స్కేలు 44,570తో మొదలవుతుంది. డీఏ, ఇంటి అద్దె కలిపితే 60 వేలు దాటుతుంది. సొంత జిల్లాలో ఉద్యోగం, సెలవులు, పెళ్లి సంబంధాల్లో గౌరవం. కాదనను, మంచి ఉద్యోగమే. ఎప్పుడొస్తుందనేదే పేచీ.

2018 తర్వాత మళ్లీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2025లో. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేశారు. 2019లో బీఈడీ చేతికొచ్చిన పిల్ల ఆరేళ్లు కూర్చుంది. ఆ ఆరేళ్లూ ప్రైవేటు స్కూల్లో నెలకు 18 వేలకు చెప్పిందనుకో. 60 వేలకూ దానికీ తేడా 42 వేలు. డెబ్బై రెండు నెలలకు 30 లక్షల 24 వేలు. కాలేజీ ఫీజు 15 వేలని చెప్పానే, దాని పక్కన ఈ అంకె రాసి చూడు. చూశావా, ఎదురుచూపు ముందు డిగ్రీ ధర లెక్కలోకే రాదు.

నా సంగతి చెబుతా. 1993లో ఎస్కే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ పాసయ్యా. క్యాంపస్ నుంచి టౌనుకు బస్సులో వస్తూ, జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్ రేపో మాపో పడుతుందనుకున్నా. పడేదాకా అని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో 1,200 జీతానికి చేరా. ఏడాది చివర రెండు నెలల జీతం ఎగ్గొట్టారు. అడిగితే "అడ్మిషన్లు పట్టుకురా, అప్పుడు చూద్దాం" అన్నారు. ఎండాకాలంలో సైకిలేసుకుని పల్లెపల్లె తిరిగి పిల్లల్ని చేర్పించా కూడా, ఆ రెండు నెలల జీతం మాత్రం ఇప్పటికీ రాలేదు. అట్లా ఉద్యోగం వచ్చేసరికి ఏడేళ్లు. నాతో చదివినవాడొకడు మొదటి రెండేళ్లు చూసి, నంద్యాలలో బ్యాంకు కోచింగుకు పోయి క్లర్కుగా చేరాడు. నేను మొదటి గవర్నమెంటు జీతం అందుకునే నాటికి వాడికి సొంత ఇల్లు. చదువులో నా కంటే వెనకే ఉండేవాడు. కాకపోతే ఎన్నేళ్లు చూడాలో ముందే తేల్చుకున్నాడు, నేను తేల్చుకోలేదు.

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు కదా అంటావు. విడగొట్టి చూడు. మొదట ప్రకటించిన లెక్క ప్రకారం స్కూల్ అసిస్టెంట్లు 7,725. అది కూడా తెలుగు, హిందీ, ఇంగ్లీషు, సోషల్, సైన్సు అన్నీ కలిపి, రాష్ట్రమంతటికీ. ఎస్జీటీలు, అంటే ప్రైమరీ టీచర్లు, 6,371. ఉమ్మడి జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువ పోస్టులు కర్నూలుకే వచ్చాయి, కానీ వాటిలో పెద్ద భాగం ఎస్జీటీలే. బీఈడీ వాళ్లు ఎస్జీటీ రాయడానికి లేదు. ప్రైమరీ తరగతులకు బీఈడీ చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. మన పిల్లల్లో ఎంతోమందికి ఈ విషయం బీఈడీలో చేరాక గానీ తెలియలేదు.

అందుకే మొహమాటం లేకుండా ఒక మాట చెబుతా. నీకు కావలసింది టీచరు ఉద్యోగమే, లెక్కల మీద పెద్ద మోజు లేదంటే బీఎస్సీ ఎందుకు? డీసెట్ ప్రవేశ పరీక్ష రాసి, ప్రైమరీ టీచరు శిక్షణ డీఎడ్ చెయ్. బుక్కపట్నంలో దానికి గవర్నమెంటు కాలేజీ, డైట్ ఉంది. రెండేళ్లలో ఎస్జీటీకి అర్హత వస్తుంది. స్కేలు 32,670తో మొదలు, తక్కువే. కానీ బీఎస్సీ, బీఈడీ దారి ఐదేళ్లు, ఇది రెండేళ్లు. మిగిలిన మూడేళ్లను పైన చెప్పినట్టు రూపాయల్లోకి మార్చుకో. డిగ్రీని తర్వాత దూరవిద్యలో చేసుకున్నవాళ్లు బోలెడుమంది. ఇక టీచరూ కావాలి, లెక్కలూ కావాలంటే మైసూరులోని కేంద్ర ప్రభుత్వ టీచరు శిక్షణ సంస్థ ఆర్ఐఈలో నాలుగేళ్ల బీఎస్సీ బీఈడీ ఉంది. దక్షిణాది రాష్ట్రాల కోసం పెట్టింది అది. ఒక ఏడాది మిగులుతుంది.

లెక్కలంటేనే ఇష్టమనుకుందాం. అప్పుడు కూడా డిగ్రీ ఒక్కటే నిన్ను పోషించదు. బీఎస్సీ మ్యాథ్స్ కాగితం పట్టుకుని అనంతపురం క్లాక్‌టవర్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా, దాన్ని చూసి పిలిచి ఉద్యోగమిచ్చేవాళ్లు కనబడరు. దాని పక్కన ఇంకోటి కట్టాలి. ఏది కట్టాలో చివరి ఏడాదిలో కాదు, మొదటి ఏడాదిలోనే ఆలోచించాలి.

నా లెక్కలో అన్నిటికంటే చవగ్గా దొరికేది స్టాటిస్టిక్స్. 2023-24లో సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి వచ్చాక పాత మూడు సబ్జెక్టుల కాంబినేషన్లు పోయాయి. ఇప్పుడు మ్యాథ్స్ పక్కన రెండో సబ్జెక్టుగా ఏది తీసుకుంటావన్నది పెద్ద నిర్ణయం. పిల్లలు దాన్ని ఫ్రెండు ఏది తీసుకుంటే అది తీసుకుంటున్నారు. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి. అది గ్రూప్-ఏ ఉద్యోగం, మూల వేతనం 56,100తో మొదలు. మన పక్క నుంచి అది రాసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కష్టమని కాదు, అలాంటిదొకటి ఉందనే తెలియక. ఎస్సెస్సీ సీజీఎల్‌లో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసరు పోస్టుకైతే ఇంటర్ లెక్కల్లో 60 శాతం ఉండి ఏదైనా డిగ్రీ ఉన్నా చాలు, మూల వేతనం 35,400. ఇన్సూరెన్సు లెక్కలు కట్టే యాక్చువరీ పని కూడా ఇదే కోవలోది. ప్రవేశ పరీక్ష ఏసెట్, ఆపైన పేపర్లు ఒక్కొక్కటే పాసవుతూ పోవాలి. జీతం బాగుంటుంది. కానీ పేపరు పేపరుకూ ఫీజు, ఉద్యోగాలేమో ముంబయి, బెంగళూరు లాంటి చోట్ల. ఇంట్లోవాళ్లు పంపుతారో లేదో ఇప్పుడే అడిగి పెట్టుకో.

రెండో దారి జామ్. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే పరీక్ష అది. మూడేళ్ల డిగ్రీ చాలు, నాలుగో ఏడాది ఆనర్స్ అక్కర్లేదు. తిరుపతి ఐఐటీలోనే ఎమ్మెస్సీ ఉంది, హైదరాబాదులోనూ ఉంది. ఐఐటీలో బీటెక్‌కు సెమిస్టరుకు లక్ష ట్యూషన్ ఫీజైతే, ఎమ్మెస్సీకి అందులో చిన్న ముక్క. పైగా బీటెక్ సీటు కోసం ఇంటర్ నుంచే కోచింగుకు లక్షలు పోసినవాళ్లతో పోటీ. జామ్‌లో అంత తోపులాట లేదు. ఎమ్మెస్సీ చదువుతూనే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాసి, పరిశోధనకిచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ కొడితే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు. చదువుకుంటూ ఇంటికి డబ్బు పంపే స్థితి అది. అక్కడ కూడా కళ్లు తెరుచుకునే ఉండాలి. రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంటున్నాయి. 2023 డిసెంబరులో ఏపీపీఎస్సీ ఇచ్చిన జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్‌లో అన్ని సబ్జెక్టులకు కలిపి 47 పోస్టులు. కాబట్టి పీహెచ్‌డీ చేస్తే రాష్ట్రం దాటడానికి సిద్ధపడి చెయ్.

ఇంకొకటి, ఈ ఏడాదికి గడువు దాటిపోయినా నీ తమ్ముడికి పనికొస్తుంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంటర్ తర్వాత బీస్టాట్, బీమ్యాథ్ డిగ్రీలు ఉన్నాయి. ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలకు 5 వేలు స్టైపెండు ఇస్తారు. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న సీఆర్ రావు గారు ఎదిగింది అక్కడే. ఆయన పుట్టిన హడగలి పాత బళ్లారి జిల్లాలోది. ఒకప్పుడు మనమూ ఆ జిల్లా కలిసి దత్తమండలాలే. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎమ్మే చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా పోయి అక్కడ స్టాటిస్టిక్స్‌లో పడ్డారు. ఉత్త లెక్కల డిగ్రీ పక్కన ఇంకోటి కట్టడమంటే నాకు గుర్తొచ్చేది ఆయనే. అందరూ సీఆర్ రావులు కారులే, అది వేరే సంగతి.

సాఫ్ట్‌వేరు గురించి రెండు ముక్కలు. పెద్ద కంపెనీలు బీఎస్సీ వాళ్లనూ తీసుకుంటాయి. మొదట్లో నెలకు పదిహేను వేల చుట్టూ ఇచ్చి, కొన్నయితే ఉద్యోగం చేయిస్తూనే ఎంటెక్ చదివిస్తాయి, బాండు రాయించుకుంటాయి. బెంగళూరు అద్దెకు ఆ జీతం చాలదు. మూడో ఏడాది తర్వాత బీటెక్ వాళ్లతో సమానమైనవాళ్లను చూశా, మధ్యలో వదిలేసి వచ్చినవాళ్లనూ చూశా. పైథాన్, ఎస్‌క్యూఎల్ డిగ్రీలోనే నేర్చుకుని పోయినవాళ్లు నిలబడ్డారు.

బీటెక్‌తో పోల్చమన్నావు కదా. నాలుగేళ్లకు పోగొట్టుకునే సంపాదన 5 లక్షల 76 వేలు, అదనపు తిండి, రూము ఖర్చు లక్ష. కన్వీనర్ సీటుకు ఫీజు ఏడాదికి 40 వేల పైమాటే. రీయింబర్స్‌మెంటు ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపే కాలేజీలున్నాయి, అప్పుడు ఆ లక్షా 60 వేలూ మీ నాన్న మీద పడతాయి. అయినా బీఎస్సీ, బీఈడీ కలిపితే ఐదేళ్లు, బీటెక్ నాలుగే అని మర్చిపోకు. కంప్యూటర్ సైన్సు, ప్లేస్‌మెంట్లు నిజంగా ఉన్న కాలేజీ అయితే బీటెక్‌కే పొమ్మంటా. నువ్వు చెప్పిన ఓ మోస్తరు కాలేజీ అయితే మాత్రం, అక్కడి నుంచి బయటికొచ్చి మళ్లీ బ్యాంకు కోచింగుకు పోయే పిల్లల్ని ఏటా చూస్తున్నా. ఆ పరీక్షే రాసేటట్లయితే బీఎస్సీ ఒక ఏడాది ముందు రాయనిస్తుంది.

ఇవన్నీ సరే, నీకు ఏది ఇష్టమో నీకే తెలియాలి. మొన్న మొదటి ఏడాది పిల్ల ఒకతి రఫ్ నోట్సు తీసుకొచ్చి ఏడ్చింది. ఇంటర్ లెక్కల పేపర్లు టూ-ఏ, టూ-బీ రెండింటిలోనూ 75కి 75. నోట్సులో మొదటి పేజీ నిండా లిమిట్లు, ఆన్సర్లన్నీ కరెక్టే. రెండో పేజీలో ఆ లిమిట్లను ఎప్సిలాన్, డెల్టాలతో నిరూపించడం. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ కొట్టేసింది, పెన్ను దిగి కాగితం చిరిగింది. "సార్, ఆన్సరు తెలిసిపోయింది కదా, మళ్లీ ఎందుకు నిరూపించాలి?" అంది. డిగ్రీ లెక్కలంటే ఆ రెండో పేజీయే. ఇంటర్‌లో సూత్రం పెట్టి సమాధానం రాబడతాం. ఇక్కడ సూత్రం ఎందుకు నిజమో రాయాలి. మూడేళ్లూ రియల్ ఎనాలిసిస్, గ్రూపులు, లీనియర్ ఆల్జీబ్రా, అంతా అదే పని. ఇంటర్ మార్కులు దీన్ని చెప్పలేవు. ఒక సాయంత్రం ఫోను పక్కన పెట్టి, రూట్ 2 కరణీయ సంఖ్య అని పుస్తకం చూడకుండా నిరూపించు. ప్రధాన సంఖ్యలు అనంతమని నిరూపించు. రాకపోయినా ఫర్వాలేదు. గంట తర్వాత ఇంకా దాని మీదే కూర్చున్నావా, లేచిపోయావా అన్నది చూసుకో. లేచిపోతే ఈ డిగ్రీ నీకు 15 వేలకు కూడా దండగే.

కూర్చుంటే చేరు. చేరేముందు ఒక తేదీ రాసి మీ నాన్నకివ్వు: డిగ్రీ అయ్యాక ఎన్నేళ్లు ఏ పరీక్ష కోసం చూస్తావు, ఆ తేదీ దాటితే ఏ పనిలో చేరతావు. రెండేళ్లకు మించి రాయకు. మీ మామకు కూడా చూపించు, ఆయన భయమంతా అదే. ఆడపిల్ల ఏళ్ల తరబడి కోచింగులంటూ కూర్చుంటే ఏమవుతుందోనని. తేదీ చూస్తే సగం దిగొస్తాడు.

ఇంకా వెబ్ ఆప్షన్లు పెట్టకపోయి ఉంటే ఒకరోజు అనంతపురం వచ్చి కాలేజీలు తిరుగు. మ్యాథ్స్‌తో స్టాటిస్టిక్స్ ఇస్తున్నారా, దానికి లెక్చరరు ఉన్నారా లేక పోస్టు ఖాళీయా అని అడుగు. ఆఫీసులో అడిగితే అన్నీ ఉన్నాయంటారు. డిపార్ట్‌మెంటుకు పోయి, రెండో ఏడాది పిల్లల్ని అడుగు.